బెల్టు అతుకు మీద పుట్టిన పాట

వైండింగాయన ఇప్పటిదాకా అరవై ఏడు పాటలు రాశాడు. అందులో అరవై ఆరు ఎవరికీ తెలియవు. మిగిలిన ఒక్కటీ అందరికీ తెలుసు గాని, అది ఆయన రాసిందని ఎవరికీ తెలియదు. గిటారు పట్టినవాడికి ఇంతకన్నా దిక్కుమాలిన అవస్థ ఉండదు. పోనీ ఎవరైనా ఆ పాటని కాజేశారా అంటే అదీ కాదు. బుద్ధిగా, స్పష్టంగా, ఇద్దరు ముగ్గురు సాక్షుల ముందు, ఆయనే వదులుకున్నాడు.

వైండింగాయన అన్న పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. ఇరవై రెండో ఏట, కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే షాపులో పనికి కుదిరితే వచ్చిన పేరు. షాపు అంటే ఒక షట్టరు, ఒక బల్ల, ఎటు చూసినా కడుపులు తెరిచి పడేసిన మోటార్లు. మాడిన తీగ పీకాలి. పీకుతూ చుట్లు లెక్కపెట్టుకోవాలి. చెక్క అచ్చు మీద మళ్ళీ అన్నే చుట్లు చుట్టి, గాడుల్లో కాయితం పెట్టి కూర్చి, వార్నిష్‌లో ముంచి, బల్బు కింద ఆరబెట్టాలి. పనిలో కిటుకంతా లెక్క తప్పకపోవడంలోనే ఉంది. మన వైండింగాయనకేమో లెక్కపెడుతుంటేనే పాటలు వచ్చేవి. నూట నలభయ్యో చుట్టు దగ్గర పల్లవి తగిలేది, నూట ఎనభై దగ్గర లెక్క పోయేది. పాట కుదిరిన రోజున వైండింగు కుదిరేది కాదు. ఒకసారి ఆయన చేసిన సీలింగు ఫ్యాను వెనక్కి తిరిగింది. గాలి మనుషులకి రావడం లేదు, పైకప్పుకి కొడుతోందని ఒక పంతులమ్మ దాన్ని రిక్షాలో వేసుకుని తిరిగి తీసుకొచ్చింది. షాపు యజమాని ఫ్యాను వంక చూశాడు, ఈయన వంక చూశాడు.

"చరణాలు కూడా అయ్యాయా, పల్లవితో సరిపెట్టావా?" అని అడిగాడు.

గిటారు కూడా అలాంటిదే. పాత సామాన్ల కొట్టులో పొట్ట పగిలి పడివుంటే తెచ్చి, మోటారు వార్నిష్ పూసి అతికించాడు. దానికి కరెంటు పెట్టాలని ముచ్చటపడి, పాత స్పీకర్లోంచి ఊడబెరికిన అయస్కాంతానికి షాపులో మిగిలిన సన్నతీగ చుట్టి తీగల కింద బిగించాడు. ఆ గిటారు మీద చెయ్యి వెయ్యకముందే గుర్రుమనేది. చెయ్యి వేస్తే మాత్రం, చెప్పుకోవాలి, గొంతు బావుండేది.

ఆయన అద్దెకు దిగిన గది ఒక పిండిమర నెత్తిన ఉంది. పొద్దున ఏడు గంటలకు మర మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగదు. మంచం కదిలేది. గ్లాసులో నీళ్ళు వణికేవి. గోడకు కొట్టిన మేకు నెలకోసారి బయటికొచ్చి కిందపడేది. మధ్యాహ్నం షాపు మూసిన రెండు గంటలూ గదికి వచ్చి గిటారు శ్రుతి చేసుకుందామంటే, కింద మర హోరు, పైన ఈయన టింగుటింగులు. నీళ్ళలో ఉండి మొసలితో వైరం దేనికని, నెల తిరిగేసరికి ఆ హోరుకే గిటారుని శ్రుతి చేసేశాడు.

శ్రుతి కుదిరాక తాళం కూడా కిందినుంచే వచ్చింది. మరని తిప్పే తోలు బెల్టుకి ఒక అతుకు ఉంటుంది. రెండు కొసలూ కలిపి తోలు పోగుతో కుట్టిన చోటన్నమాట. అది చక్రం మీదికి వచ్చినప్పుడల్లా 'టప్' మని కొడుతుంది. ఏ మరకైనా ఒక్క దెబ్బే. ఈ మర మాత్రం 'ట-టప్' మని ఒకటిన్నర దెబ్బ కొట్టేది. మెట్లు దిగేవాడు ఇంకో మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే నేల తగిలినట్టు, మధ్యలో చిన్న తూలు. ఆ తూలు ఆయన పాటలన్నిటిలోకీ ఎక్కేసింది.

ఇక మాటలు ఎక్కడినుంచి వచ్చాయంటే, అవీ కిందినుంచే. గోధుమలూ మొక్కజొన్నలూ పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు వరుసలో కూర్చుని ఊసుపోక పాత పాటలు పాడుకునేవారు. మర చప్పుడు మీద వినబడాలంటే గొంతు చించుకోవలసిందే. అలా చించుకున్న పాత పాటలు నేల చీల్చుకుని ఈయన గదిలోకి వచ్చేవి. వాటికి గుర్రుమనే గిటారు జోడిస్తే తయారైన సరుకుని ఆ తర్వాత పేపర్లవాళ్ళు జానపద రాక్ అన్నారు. ఆయన మాత్రం దాన్ని 'మేడమీది పాట' అనేవాడు. బృందానికీ ఆ పేరే పెట్టుకున్నాడు.

బృందంలో ముఖ్యుడు పిండిమర యజమాని కొడుకు. బస్సు కండక్టరు. డ్రమ్స్ వాయించేవాడు. పుట్టినప్పటినుంచీ ఆ అతుకు దెబ్బ వింటూ పెరిగినవాడు కాబట్టి, అతనికి తాళం అంటే అదే. మిగతా లోకమంతా అర దెబ్బ తక్కువ తింటోందని ఈనాటికీ అతని నమ్మకం.

ఇంతకీ అసలు పాట సంగతి. పిండిమరలో తక్కెడ దగ్గర యజమాని కూతురు కూర్చునేది. ఇరవై ఏళ్ళ పిల్ల. పొద్దున నల్లటి జడతో వచ్చేది. మధ్యాహ్నానికి తల, కనుబొమలు, కనురెప్పలు అన్నీ తెల్లగా పిండి పట్టి ఉండేవి. ఆ పిండిలోంచి రెండు కళ్ళు మాత్రం నల్లగా చూసేవి. గదికి పోవాలంటే ఆ తక్కెడ పక్కనుంచే మెట్లెక్కాలి. వైండింగాయన రోజుకి రెండుసార్లు ఎక్కవలసినవాడు ఆరుసార్లు ఎక్కేవాడు. ఆ నెలలో మూడు ఫ్యాన్లు వెనక్కి తిరిగాయి. నెలాఖరుకి ఈ పాట వచ్చింది.

తెల్లజుట్టు చిన్నదానా, తల దులపకే
ఆ తెలుపు గుర్తుపట్టే నే మెట్లెక్కేది

మూడు చరణాలు. మూడో చరణం ఆయనకు మరీ ఇష్టం.

దులిపినా పోని తెలుపు దిగిన నాడు
సగం నాకు పంచవే, సరిపోతాం

మర నడుస్తున్నంతసేపూ ఎంత గట్టిగా పాడినా కిందికి వినబడదని ఆయన ధైర్యం. ఆ ధైర్యంతోనే ఒక మధ్యాహ్నం గిటారు చప్పుడు పూర్తిగా పెంచి, కళ్ళు మూసుకుని, మెడ నరాలు పొంగేలా పల్లవి ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మర ఆగింది. గిటారు ఆగింది. కరెంటుతో పనిలేని గొంతు మాత్రం ఆగలేదు. "తెల్లజుట్టు చిన్నదానా" అన్న కేక వరుసలో కూర్చున్న పద్నాలుగు మంది ఆడవాళ్ళ మీద, తక్కెడ మీద, ఆ పిల్ల మీద, ఆ పిల్ల తండ్రి మీద చక్కగా పడింది.

ఆ తండ్రి చేతిలో అప్పటికి ఒక పెద్ద పానా ఉంది. బెల్టు బిగించడానికి తీసిందే, పాపం. కాని దాన్ని కింద పెట్టకుండానే మెట్లెక్కాడు. ఒక్కొక్క మెట్టూ నిదానంగా ఎక్కాడు. మధ్యలో ఒకచోట కాసేపు ఆగాడు కూడా. ఎక్కడం కంటే ఆ ఆగడానికే వైండింగాయనకు ఎక్కువ భయం వేసింది.

"ఏం పాటది?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఏదో పాటండీ."

"ఎవరు రాశారు?"

వైండింగాయన పానా వంక చూశాడు. అది చిన్న పానా కాదు.

"ఎవరూ రాయలేదండీ. మా అమ్మమ్మ పాడేది. పాత పాట."

"పాతదేనా?"

"చాలా పాతదండీ."

పిండిమర యజమాని గోడకేసి చూశాడు, గిటారుకేసి చూశాడు, చివరికి ఈయనకేసి చూశాడు.

"అవును. మా నానమ్మ కూడా పాడేది" అన్నాడు. "రెండో చరణం నువ్వు తప్పు పాడుతున్నావు." అని దిగి వెళ్ళిపోయాడు.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. వైండింగాయన నోరు జారిన క్షణంలో ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ప్రాణం దక్కిందన్న సంతోషంలో ఉన్నాడు. నిజానికి వాళ్ళ అమ్మమ్మ జన్మలో పాడి ఎరగదు. ఆవిడ నోట వచ్చినవన్నీ తిట్లే. అవి మాత్రం మంచి లయలో ఉండేవి.

మర్నాడు మెట్ల దగ్గర ఆ పిల్ల తక్కెడ మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"మీ అమ్మమ్మగారికి నా జుట్టు సంగతి ఎలా తెలిసిందండీ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. చివరికి కండక్టరే రాయబారం నడిపి పెళ్ళి కుదిర్చాడు. పెళ్ళిమాటలప్పుడు పిండిమర యజమాని, "పెద్దవాళ్ళ పాటలు గుర్తుపెట్టుకున్నవాడు చెడ్డవాడై ఉండడు" అని నలుగురి ముందూ అన్నాడు. ఈయన పని దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆ పునాది మీద సంబంధం నిలబడ్డాక, ఆ పాట నాదేనండీ మామగారూ అని ఏ అల్లుడు అనగలడు?

బృందం ఒక కాలేజీ వేడుకలో మొదటిసారి వేదిక ఎక్కింది. అక్కడ కీబోర్డు వాయించడానికి వచ్చినతను రెండు పాటలు విని, "మీ అందరికీ శ్రుతి తప్పింది. కాని అందరికీ ఒకేలా తప్పింది. ఎలా సాధించారండీ?" అని గౌరవంగా అడిగాడు. మర శ్రుతికి, లోకం శ్రుతికి పావు మెట్టు తేడా ఉందని అప్పుడే తెలిసింది. పైగా మర చప్పుడు లేకపోయేసరికి ఎక్కడ మొదలెట్టాలో ఎవరికీ తోచలేదు. కండక్టరు బల్ల మీద 'ట-టప్' మని కొట్టాకగాని పాట కదల్లేదు.

తర్వాత ఒక క్యాసెట్టు వేశారు. రికార్డింగు గదికి సామాన్లు మోసిన వ్యాను మామగారిదే కాబట్టి ఆయనా వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. అట్టమీద అచ్చు వెయ్యడానికి ఏ పాట ఎవరిదని రికార్డింగాయన అడిగాడు. తొమ్మిది పాటలకు వైండింగాయన గట్టిగా తన పేరు చెప్పాడు. పదోదాని దగ్గర మూల కుర్చీకేసి చూసి, "సంప్రదాయ గీతం" అన్నాడు. ఆ తొమ్మిది పాటలూ క్యాసెట్టులోనే ముసలివైపోయాయి. పదోది మాత్రం రెక్కలు కట్టుకుని లేచింది.

బస్సుల్లో వినబడింది. పెళ్ళి బ్యాండుల్లో వినబడింది. బడిపిల్లలు వరుసగా నిలబడి పాడారు. నలుగురైదుగురు పెద్ద పాటగాళ్ళు 'సేకరణ' అని రాసి మళ్ళీ పాడుకున్నారు. ఎక్కడ చూసినా ఎవరో ఒక పెద్దావిడ, మా అమ్మమ్మ పాడేదిది అని కళ్ళు తుడుచుకునేది. ఒక ఊళ్ళో జానపద గీతాల పోటీ పెడితే వైండింగాయన రోషంతో వెళ్ళి తన పాట తానే పాడాడు. మూడో బహుమతి వచ్చింది. అసలు బాణీకి కాస్త దూరంగా ఉందని న్యాయనిర్ణేతలు రాశారు. ఇంటికొచ్చి ఆ కాయితం చూపిస్తే పెళ్ళాం పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గాని, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఏళ్ళు గడిచాయి. పిండి పాకెట్లలో దొరకడం మొదలయ్యాక మర మూతపడింది. షాపు వైండింగాయన చేతికి వచ్చింది. జుట్టు పోయింది. నెరవడానికి కూడా గడువివ్వకుండా మొత్తం పోయింది. పెళ్ళానికి యాభై దాటాక నిజంగానే తల నెరిసింది. ఒక పెళ్ళిలో బ్యాండువాళ్ళు ఈ పాట ఎత్తుకుంటే, వరసకు మేనకోడలయ్యే పిల్ల, "అత్తయ్యా, నీ పాట వస్తోంది" అని నవ్వింది. ముసలిదానివయ్యావని దాని ఎకసెక్కెం. ఆ పిల్లకి అసలు సంగతి తెలియదు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఆ ఆదివారం నుంచి తలకు నల్లరంగు వేసుకోవడం మొదలుపెట్టింది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గాని, ఒక సాయంత్రం టీవీలో ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. పాత పాటల మీద పాతికేళ్ళు పనిచేసిన మనిషి. అన్నిటినీ కలిపి పెద్ద పుస్తకం వేస్తున్నానని, రేపు ఎవరు ఏ పాట గురించి వెతికినా అందులోనే చూస్తారని చెప్పింది. ఉదాహరణకి ఈ పాటే తీసుకుంది. తెల్లజుట్టు చిన్నది అంటే మళ్ళీ పసితనంలోకి జారిన ముసలావిడట. తల దులపడం అంటే బతుకు మీద విసుగట. మెట్లెక్కడం అంటే ఎక్కడికో మీరే ఊహించుకోండి. తాళంలో తూలు ఉందే, అది దుఃఖంలో వచ్చే వెక్కు. దానికి ఆవిడ 'వెక్కిళ్ళ తాళం' అని పేరు కూడా పెట్టింది. కర్త తెలియదు, బహుశా రెండువందల ఏళ్ళనాటిది.

వైండింగాయన ఆ తాళం పేరుకి నవ్వబోయి, పక్కకి చూసి ఆగిపోయాడు. పెళ్ళాం నవ్వడం లేదు.

"ఇరవై ఏళ్ళప్పుడు నా మీద రాసిన పాట" అందావిడ. "నలభై ఏళ్ళుగా ఊరంతా పాడుతోంది. అందులో ఉన్నది నేనని ఎవరికీ తెలీదు. ఇప్పుడు చావబోయే ముసల్దాన్ని చేసి పుస్తకంలో ఎక్కిస్తున్నారు. నామీద పాట రాసిన మనిషి ఒకడున్నాడని ఒక్క కాయితం మీదైనా ఉండొద్దా?"

"మీ నాన్న..." అన్నాడు ఈయన.

"ఆయనకి ఎనభై ఏడు. ఇంకా ఆ పానాకి భయపడుతున్నారా?"

భయపడుతున్నాడు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేక ప్రొఫెసరమ్మకి ఉత్తరం రాశాడు.

ఆవిడ వచ్చింది. మర్యాదస్తురాలు. టీ తాగి, రికార్డరు బల్లమీద పెట్టి, అంతా విని, నెమ్మదిగా చెప్పింది.

"ఈ పాట మేమే రాశామని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో మీరు పదకొండోవారండీ."

"మా ఆవిణ్ణి అడగండి. మా బావమరిదిని అడగండి."

"మీ ఇంటివాళ్ళ మాట ఎలా తీసుకోనండీ? పైగా ఆ పిండిమర తాతగారు పదేళ్ళ కిందటే నాకు చెప్పారు, వాళ్ళ నానమ్మ పాడేదని. నా పుస్తకంలో మొదటి సాక్ష్యం ఆయనదే. ఆయన మాట మార్చుకుంటే చెప్పండి. వచ్చే నెల అచ్చుకి వెళ్ళిపోతుంది."

తాను తవ్విన గోతిలో తాను పడటం విన్నాంగాని, మామగారు వచ్చి పైన మట్టి కూడా కప్పి, నేల చదును చేసి వెళ్ళడం ఈయన విషయంలోనే చూశాం.

మరుసటి ఆదివారం అందరూ పిండిమరకు వెళ్ళారు. మర ఆగిపోయినా మామగారు ఆ చోటు వదల్లేదు. ఆగిన యంత్రం పక్కనే మంచం. గోడకి పాత బెల్టు వేలాడుతోంది. నలభై ఏళ్ళ హోరుకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ప్రొఫెసరమ్మ రికార్డరు నొక్కింది. పెళ్ళాం మోచేత్తో పొడిచింది. వైండింగాయన గొంతు సవరించుకున్నాడు.

"మామగారూ, ఆ పాట మా అమ్మమ్మది కాదండీ. నేను రాశాను."

"గట్టిగా చెప్పు."

"నేను రాశానండీ ఆ పాట."

"ఇంకాస్త గట్టిగా."

"తెల్లజుట్టు చిన్నదానా పాట నేనే రాశానండీ. మీ అమ్మాయి మీద రాశాను."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటాయన చేతిలో పేపరుతో బయటికి వచ్చాడు. మొదటిసారి కరెంటు పోయి విన్నారు, ఈసారి మామగారి చెవులు పోయి విన్నారు. ఈ మనిషికి రహస్యంగా చెప్పే యోగం లేదు.

మామగారు కొడుకుకేసి తిరిగి, "ఆ బెల్టు తియ్యరా" అన్నాడు. కండక్టరు తీసి తెచ్చాడు. ముసలాయన దాన్ని ఒళ్ళో వేసుకుని, తడుముకుంటూ అతుకు దగ్గరికి వచ్చి, ప్రొఫెసరమ్మ చేతికి ఆ చోటు అందించాడు.

"చూడమ్మా. ఇక్కడ ఎత్తుగా తగులుతోందా? ఇది కుట్టిన రోజున నా కుడి బొటనవేలు నలిగింది. ఎడంచేత్తో కుట్టాను. ఒక కొస లేచి ఉండిపోయింది. అందుకే ఒకటిన్నర దెబ్బ కొట్టేది. ఇంకే మరా అలా కొట్టదు. మీరు వెక్కిళ్ళంటున్నారే, ఆ దెబ్బ ఇది. మా నానమ్మ పోయిన ఇరవై ఏళ్ళకి కుట్టాను దీన్ని. ఆవిడెలా పాడుతుందమ్మా ఆ పాట?"

ప్రొఫెసరమ్మ అతుకుని వేలితో తడుముతూ ఉండిపోయింది. పాతికేళ్ళ పనిలో ఆమె చేతికి ఇలాంటి ఆధారం దొరికి ఉండదు.

"మరి నాకు నానమ్మగారు పాడేదని ఎందుకు చెప్పారు తాతగారూ?" అని ఆయన చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"అల్లుడికి ఒకసారి చెప్పాను కదా. మాట మార్చడం ఎందుకని."

వైండింగాయన మంచం దగ్గరికి జరిగి, "అయితే మీకు ముందే తెలుసా?" అన్నాడు. గట్టిగా అనడం మర్చిపోయాడు గాని ముసలాయనకు అర్థమైంది.

"నా అతుకు నాకు తెలీదా అల్లుడూ? పాట వినగానే తెలిసింది, ఇది నా మర నెత్తిన పుట్టిందని. మెట్లెక్కుతూ మధ్యలో ఆగాను, గుర్తుందా? అప్పుడు ఆలోచించాను. నువ్వు రాశానని ఒప్పుకుంటే ఎవరిమీద రాశావని అడగాలి. అడిగితే కొట్టాలి. కొడితే గది ఖాళీ చేసి పోతావు. నువ్వేమో మీ అమ్మమ్మని తెచ్చావు. సరే, తోడుగా ఉంటుందని మా నానమ్మని నేను పిలుచుకొచ్చాను."

"ఎందుకండీ?"

"పాట బావుంది" అన్నాడు మామగారు. "అమ్మాయి కూడా ఆరోజు నుంచి తల దులపడం మానేసింది. నేను చూస్తూనే ఉన్నాగా."

వైండింగాయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఏళ్ళు ఎవరికి భయపడి నోరు కుట్టుకున్నాడో, ఆ మనిషే తనని కాయడానికి అబద్ధమాడి, ఆ అబద్ధం మీదే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ ఇంకొకటి అడిగాడు.

"మరి రెండో చరణం తప్పన్నారు కదా అప్పుడు?"

"అది నిజంగానే బాలేదు."

పుస్తకంలో మార్చి వేయడానికి ప్రొఫెసరమ్మ ఒప్పుకుంది. మామగారు ఒక షరతు పెట్టాడు. తాళం ఎవరిదో కూడా వెయ్యాలన్నాడు. తాను వాయించకపోతే ఆ తాళం లోకానికి ఎలా తెలిసేదని కండక్టరు అడ్డం తిరిగాడు. తండ్రీకొడుకులు మూడు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి రచన, బాణీ వైండింగాయనవనీ, తాళం పిండిమర బెల్టు అతుకుదనీ, అతుకు మామగారిదనీ, దాన్ని బస్సుల్లో ప్రచారం చేసింది కండక్టరనీ అచ్చువేసి అందరి నోళ్ళూ మూయించారు.

పుస్తకం విడుదల నాలుగు నెలలకి జరిగింది. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గుర్రుమనే మైకు. మైకు గుర్రుమంటే వైండింగాయనకు సొంతింట్లో ఉన్నట్టే ఉంది. ఒక్క మాట చెప్పాలని వారం రోజులుగా అద్దం ముందు సాధన చేశాడు. ఈ పాట నేను రాశాను. అంతే. నలభై ఏళ్ళుగా అనలేని ఆ ముక్క ఈరోజు నిటారుగా నిలబడి అనాలి.

అన్నాడు కూడా. అనగానే ముందు వరసలోంచి ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"అబద్ధం నాయనా. మా అమ్మమ్మ పాడేదిది. అందులో ఉన్నది ముసలావిడ."

హాలంతా గొల్లుమంది. ఇన్నేళ్ళ అలవాటు, అమ్మమ్మ మాట వింటే వైండింగాయనకు ఎదురు చెప్పడం రాదు. ప్రొఫెసరమ్మ పుస్తకం తెరిచి చూపించబోయింది. అంతలో రెండో వరసలో పెళ్ళాం లేచి నిలబడింది.

"ఆ పిల్లని నేనేనండీ" అంది. "మా నాన్నకి పిండిమర ఉండేది. అప్పుడు నా తలంతా పిండి పడి తెల్లగా ఉండేది."

పెద్దావిడ వెనక్కి తిరిగి, కళ్ళద్దాలు సవరించుకుని, ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఇప్పుడూ తెల్లగానే ఉందిగా."

అప్పుడు వైండింగాయన చూశాడు. బెల్టు చేతికి తీసిన ఆ ఆదివారం నుంచి ఆవిడ రంగు వేసుకోలేదు. నాలుగు నెలలు ఒకే ఇంట్లో తిరుగుతూ ఈయన ఆ సంగతి పట్టించుకోనే లేదు. వైండింగు తప్పితే కనిపెట్టే కళ్ళకి ఇలాంటివి కనబడవు. ఇప్పుడు హాలు దీపాల కింద ఆ తల, మధ్యాహ్నం వేళ తక్కెడ వెనక ఉన్నట్టే ఉంది.

ఆవిడ తల మీద చెయ్యి వేసుకుంది.

"ఇది పిండి కాదండీ. దులిపినా పోదు" అంది.

ఎవరూ నవ్వలేదు. వైండింగాయన గిటారు ఎత్తుకున్నాడు. కండక్టరు 'ట-టప్' మన్నాడు. పల్లవి బాగానే పాడాడు. బాలేని రెండో చరణం కూడా పాడాడు. మూడో చరణంలో 'దులిపినా పోని తెలుపు దిగిన నాడు' దాకా వచ్చి, 'సగం' అనబోయి, అలవాటుగా చెయ్యి నున్నటి బోడిగుండు మీదికి పోయింది. పంచుకుందామంటే అక్కడ చోటే తప్ప వెంట్రుక లేదు. ఆ వెర్రి ఆలోచనకి నవ్వొచ్చింది. పాట ఆగిపోయింది.

ఆగిన చోటునుంచి ముందు వరస పెద్దావిడ అందుకుంది. ఆవిడకి తూలు కూడా సరిగ్గా తెలుసు. వెనక వరసలూ కలిశాయి. హాలు హాలంతా ఆ అర దెబ్బ ఎక్కడా తప్పకుండా, 'సగం నాకు పంచవే' అని పాడింది. మామగారు ఏమీ వినబడకపోయినా కాలితో సరిగ్గా కొట్టాడు.

పాట అయ్యాక వైండింగాయన మైకు దగ్గరికి వచ్చి, "ఈ పాట నేను రాశాను" అన్నాడు మళ్ళీ. ఎవరూ ఆయన్ని చూడటం లేదు. అందరూ వెనక్కి తిరిగి, ఇంకా నిలబడే ఉన్న ఆ చిన్నదాన్ని చూస్తున్నారు. ఆయన కూడా అటే చూశాడు.